సెరఫీం రపోజో పదహారు ఆవర్తాలు

సెరఫీం రపోజో ఒక్కొక్కరుగా ఊదే రాష్ట్రపు బ్యూగిల్ పోటీలో మొదటి బహుమతి గెలిచింది 1966 మార్చిలో. అప్పటికి వాడికి పదహారేళ్ళు. అంత తేలిగ్గా చేతికొచ్చిన బహుమతి కాదది. మొదటిసారి వెళ్ళినప్పుడు ఊదకముందే ఓడిపోయాడు. తెల్ల చేతొడుగుల జడ్జి బ్యూగిల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, గంట అనే వెడల్పాటి మూతి అంచు కింద ఒక్క వేలిముద్ర పట్టుకున్నాడు. ఆ ముద్రకు పోయిన పదో వంతు మార్కే చివరికి గెలిచినవాడికీ వీడికీ తేడా. రెండో ఏడు మంచుగాలికి కింది పెదవి చీలి, చివరి స్వరం దగ్గర గడ్డం మీదికి రక్తం కారింది. మూడో ఏడు పోటీకి వెళ్ళే బస్సులో బ్యూగిల్‌ని వాళ్ళమ్మ ఉన్ని శాలువాలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడలేదు. బోస్టన్ నుంచీ వూస్టర్ నుంచీ వచ్చిన పెద్ద పెద్ద బ్యూగిల్, డ్రమ్ముల దళాల పిల్లల్ని దాటుకుని గెలిచాడు. మా ఊరు హాలిస్ ఫాల్స్ పవిత్రాత్మ దళంలో అంతకు ముందు ఆ బహుమతి తెచ్చినవాడు లేడు. తరవాతా ఎవరూ తేలేదు.

ఆ రాత్రి వాళ్ళమ్మ ఎర్మీనియా కప్పును పొయ్యి మీద అరలో పెట్టి, "ఇక అల్మారాలో దూరడం మానేస్తావా?" అని అడిగింది.

సాధన ఎక్కడ చేసేవాడంటే, అల్మారాలో. మూడంతస్తుల చెక్క ఇంట్లో నడిమి అంతస్తు వాళ్ళది. పై అంతస్తు తవారెస్ రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకుంటాడు. అందుకని వీడు అమ్మ చలికోట్ల మధ్యలోకి దూరి, బ్యూగిల్ గంటను కోట్లలోకి నొక్కిపెట్టి ఊదేవాడు. అయినా తవారెస్ చీపురుకర్రతో నేల మీద బాదేవాడు. గోడ అవతల మంచం మీద చెల్లెలు దియోలిందా చెవి గోడకానించి వినేది. ఆమెకు అన్న ఊదిన ప్రతి పాటా అలా కోట్లలోంచి, గోడలోంచి, దుప్పటి కప్పుకున్న గొంతులా వచ్చిందే.

బ్యూగిల్ అంటే ట్రంపెట్ కాదు. ట్రంపెట్‌కి మూడు మీటలుంటాయి. దళాల బ్యూగిల్‌కి ఒక్కటే మీట, ఎడమ బొటనవేలి కింద ఒక తిరుగుడు బిళ్ళ. అంతే. చాలా స్వరాలు అందులో ఉండవు. లేనివాటిని పెదవితో లాక్కు రావాలి. లాగుతున్నట్టు జడ్జికి తెలియకూడదు. దళానికి ఊదుడు నేర్పిన కొర్దేరో మాస్టారు పగలు కర్టెన్ల మిల్లులో మగ్గాలు బాగుచేసేవారు. ఆయన సొంతంగా కట్టిన పాట ఒకటుంది, పేరు 'తీరం'. పడవలు బయటికి వెళ్ళిపోయాక ఒడ్డున నిలబడ్డ ఆడవాళ్ళ పాట. దాని మధ్యలో పదహారు ఆవర్తాల సోలో. అందులో తొమ్మిదో ఆవర్తం దగ్గర బ్యూగిల్‌లో లేని ఒక స్వరం పెట్టారాయన.

"లేని స్వరం రాస్తే ఎట్టా మాస్టారూ?" అంటే, "ఉన్నవి ఊదడానికి మీరెందుకురా, మిల్లు కూత చాలదూ?" అనేవారు.

ఆ సోలో విషయంలో మా దళానికి ఒక ఆచారం ఉంది. వేరే దళాల్లో నేర్పేవాడు వేలు చూపించి 'నువ్వు ఊదు' అంటే సరిపోతుంది. ఇక్కడ అలా కుదరదు. సోలో ఎవరి దగ్గరుంటే వాళ్ళదే. వయసు మీరి దళం వదిలేటప్పుడు, ఆఖరి సాధన రోజున, చర్చి పక్కన కార్లు నిలిపే జాగాలో అందరి ఎదుటా ఇచ్చేవాడు మొదటి ఎనిమిది ఆవర్తాలు ఊదుతాడు, పుచ్చుకునేవాడు పక్కన నిలబడి మిగతా ఎనిమిదీ ఊదుతాడు. మధ్యలో ఊపిరి తెగకూడదు. ఇచ్చేవాడి చివరి స్వరం గాల్లో ఉండగానే పుచ్చుకునేవాడిది మొదలవ్వాలి. అలా ఇస్తేనే ఇచ్చినట్టు. ఆ 1966 శరత్కాలంలో ఉర్బానో కామరా ఇరవై రెండు నిండి దళం వదులుతూ సెరఫీంకు ఇచ్చాడు. ఉర్బానోకు సెరఫీం అంటే అంత ఇష్టమేం లేదు. "కోట్లకు పాట చెప్పేవాడివి, మనుషుల ముందు ఊదగలవా?" అని నలుగురిలో అన్నాడు. అని, ఇచ్చాడు.

ఆ తరవాత రెండు వేసవులు సెరఫీంవి. 1967లో న్యూజెర్సీ పోటీలో ఆ తొమ్మిదో ఆవర్తం దగ్గర, తప్పు కనబడ్డప్పుడల్లా గీత గీసుకుంటూ వాడి ముందే తిరుగుతున్న జడ్జి పెన్సిల్ ఆపేసి నిలబడిపోయాడు. సోలో అయ్యేదాకా అలాగే ఉన్నాడు. ప్రావిడెన్స్‌లో వర్షంలో ఊదాడు. జనం గొడుగులు మూసి విన్నారు. 1968 పవిత్రాత్మ పండగనాడు ఊరేగింపు వాడి కోసం మిల్లు గేటు ముందు ఆగింది, లోపల షిఫ్టులో ఉన్నవాళ్ళు కిటికీల దగ్గరికి వస్తే మేస్త్రీలు ఏమీ అనలేదు. ఈ మాటలన్నీ చెప్పేవాళ్ళు ఊళ్ళో ఇప్పటికీ ఉన్నారు. దియోలిందా అప్పుడు జెండా వరుసలో ఉండేది. ఆడపిల్లలకు అప్పట్లో జెండాలే, బ్యూగిళ్ళు ఇచ్చేవారు కాదు. అన్న వరుసలోంచి ముందుకు అడుగేస్తే ఆమె జెండా వాడి వెనకాలే ఉండేది. వాడి భుజాలు లేవడం చూసి తనూ ఊపిరి పీల్చేది.

1969 జనవరిలో సైన్యం పిలుపొచ్చింది.

వెళ్ళే ముందు ఆదివారం ప్రార్థన అయ్యాక కొర్దేరో మాస్టారు చర్చి మెట్ల మీద ఆపారు.

"ఒరేయ్, ఎవరికో ఒకరికి ఇచ్చి వెళ్ళు."

"ఇవ్వను మాస్టారూ."

"రెండేళ్ళురా."

"లెక్క చూశా. డెబ్భై ఒకటి జనవరికి వచ్చేస్తా. నాకు ఇరవై రెండు నిండేది ఆ నవంబరులో. అంటే ఒక వేసవి మిగులుతుంది. ఇప్పుడు ఇచ్చేస్తే మళ్ళీ తీసుకోడానికుండదుగా."

"మరి ఈ రెండేళ్ళూ?"

"ఖాళీగా ఉంచండి. అలిగిపోయిందనుకోండి."

మాస్టారు నవ్వలేదు. పక్కన నిలబడ్డ దియోలిందా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తరవాత చాలా ఏళ్ళు ఆమె తనను తానే తిట్టుకుంది. బస్సెక్కేటప్పుడు వాడు ఆమె జడ పట్టి లాగి, "ఒసేయ్, నా జాగాలో ఎవణ్ణీ నిలబడనివ్వకు, జెండా కర్రతో పొడువు" అన్నాడు. "సరేలే అన్నయ్యా, రెండు పోట్లు పొడుస్తా" అంది. వాడితో ఆమె ఆడిన ఆఖరి మాటలవే.

ఆ వేసవి మాస్టారు నిజంగానే ఖాళీగా ఉంచారు. 'తీరం' పాట సోలో దగ్గరికి వచ్చేసరికి బ్యూగిళ్ళన్నీ ఆగిపోతాయి. పెద్ద బ్యూగిళ్ళు మాత్రం అడుగున ఒక్క స్వరం పట్టుకుని ఉంటాయి. డ్రమ్ముల వాళ్ళు పుల్లలతో అంచుల మీద మెల్లగా తడుతూ లెక్క పెడతారు. వరుసలో ఒక మనిషి జాగా ఖాళీ. పదహారు ఆవర్తాలు. మొదటి పోటీలో జనానికి అర్థం కాక పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. జడ్జీలకు ఎలా మార్కు వెయ్యాలో తెలీలేదు. ఒకాయన సోలో వాడికి జబ్బు చేసిందేమోనని అంబులెన్సు వైపు చూశాడు. ఊదనిదానికి మార్కు ఉండదు. ఆగస్టులో రాష్ట్రపు పోటీలో అర మార్కు కంటే తక్కువ తేడాతో రెండోస్థానం వచ్చింది. సోలో ఉంటే గెలిచేవాళ్ళే. తిరుగు బస్సులో ఒక్కడూ ఆ మాట పైకి అనలేదు. అలాంటి పిల్లలు వాళ్ళు.

నవంబరులో ఇద్దరు సైన్యం వాళ్ళు మెట్లెక్కి వచ్చారు. వియత్నాం కొండల్లో హెలికాప్టర్ కూలింది. అందులో ఉన్నవాళ్ళలో ముగ్గురు దొరికారు. సెరఫీం దొరకలేదు.

ఎర్మీనియా చేతులు తుడుచుకుంటూ అంతా వింది. "దొరకలేదంటే పోయాడని కాదుగా బాబూ?" అంది.

"కాదమ్మా. కనబడలేదని."

"అయితే సరే," అని వాళ్ళకు కాఫీ పెట్టింది.

ఆ ఇంట్లో ఆ రోజు నుంచీ ఒకటే పట్టు. సోలో సెరఫీంది. వాడొచ్చి ఇవ్వాలి. వేరేవాడు ఊదిన రోజు, వాడు ఇక రాడని ఊరంతా ఒప్పుకున్నట్టే. దియోలిందాకు పద్దెనిమిది నిండాయి. సంతాపానికి కోటుకి నల్ల గుడ్డ కట్టుకోమని పక్కింటావిడ చెబితే, తలుపు ధడాలున వేసింది.

1970లో దళంలోకి నోర్మన్ తిబో వచ్చాడు. నది అవతల ఫ్రెంచి వాళ్ళ పేట కుర్రాడు. అక్కడి దళం మూతపడితే ఇక్కడికి వచ్చాడు. మాట ఎక్కువ, ఊదుడు అంతకంటే బాగా. మా వాళ్ళు వాడితో, "చూడబ్బాయ్, ఇక్కడ ఊదకపోవడం కూడా నేర్చుకోవాలి," అని చెప్పారు. వాడు తల ఊపాడు. వేసవంతా ఆ ఖాళీ జాగా పక్కనే నిలబడ్డాడు.

ఆగస్టులో రాష్ట్రపు పోటీ. 'తీరం' వచ్చింది. బ్యూగిళ్ళు ఆగాయి. పెద్ద బ్యూగిళ్ళు స్వరం పట్టాయి. దియోలిందా వెనక నుంచి చూస్తోంది. నోర్మన్ భుజాలు లేచాయి. ముందుకు ఒక అడుగేశాడు.

ఊదాడు. పదహారు ఆవర్తాలూ.

ఎంత బాగా ఊదాడో చెప్పకపోతే అన్యాయం. తొమ్మిదో ఆవర్తం దగ్గర లేని స్వరం ఉన్నట్టే వచ్చింది. చివర్లో జనం బెంచీల మీద లేచి నిలబడ్డారు. డ్రమ్ముల వాళ్ళలో ఇద్దరు ఏడుస్తూ తడుతున్నారు, అది కోపమో ఏమిటో వాళ్ళకే తెలీదు. పవిత్రాత్మ దళం ఆ రాత్రి గెలిచింది. రాష్ట్రంలో మొదటి స్థానం. అంతకు ముందూ లేదు, తరవాతా లేదు.

బస్సులో నోర్మన్ పక్కన ఎవరూ కూర్చోలేదు. దియోలిందా వెళ్ళి నిలబడింది.

"నీకెవరిచ్చారు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"మరెందుకు ఊదావు?"

"ఆ పక్కన నిలబడి చూడు తెలుస్తుంది," అన్నాడు నోర్మన్, తలెత్తకుండా. "రోజూ నా చెవి పక్కనే అంత పెద్ద బావి. తొంగి చూడకుండా ఎంతకని ఉండను?"

"తొంగి చూడలేదు నువ్వు. మా అన్నని అందులో తోసేశావు."

ఆ మాటకు వాడు టోపీ తీసి మొహం మీద పెట్టుకున్నాడు. ఊరొచ్చేదాకా తియ్యలేదు. గెలుచుకొచ్చిన కప్పును దళం హాల్లో పెట్టారు గానీ, పేర్లు చెక్కిన వైపును గోడకు తిప్పి పెట్టారు. దాని గురించి పెద్ద చర్చేం జరగలేదు. ఎవరో తిప్పారు, మిగతావాళ్ళు అలాగే ఉండనిచ్చారు.

మూడోనాడు ఎర్మీనియా కబురు పంపింది. నోర్మన్ బ్యూగిల్ పట్టుకుని, ఉరికంబం ఎక్కబోయేవాడిలా మెట్లెక్కాడు. వంటింట్లో ఆకుకూర పులుసు ఉడుకుతోంది. ఆవిడ గిన్నెలో వేసి, మీద సాసేజి ముక్కలు రెండు ఎక్కువ వేసి ముందు పెట్టింది.

"ముందు తిను."

తిన్నాడు.

"ఇప్పుడు ఊదు."

"అమ్మగారూ, నేను చేసింది తప్పే..."

"తప్పు సంగతి నేనడిగానా? ఊదు. పోటీకి నేను రాలేదు. నేను వినలేదు."

దియోలిందా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. నోర్మన్ ఊదాడు. పైన తవారెస్ చీపురుకర్రతో ఒకసారి బాదాడు, ఆ తరవాత ఎందుకో ఊరుకున్నాడు. అయ్యాక ఎర్మీనియా పొయ్యి మంట తగ్గించి వచ్చింది.

"బాగా ఊదావు. మా వాడు ఆ మధ్యలో స్వరాన్ని లాగుతాడు. కింద నుంచి మెల్లగా పైకి, బావిలో చేద తోడినట్టు. నువ్వు టక్కున అక్కడే పుట్టించావు. నీది శుభ్రంగా ఉంది. కానీ వాడిది కాదు."

"కాదండీ."

"నీకు ఇద్దామంటే నాకు హక్కు లేదు. నాది కాదుగా. వాడొచ్చి ఇస్తాడు. నీకే ఇమ్మని చెబుతాను. అందాకా ఉంటావా?"

"ఉంటానండి."

"ఎన్నేళ్ళయినా?"

నోర్మన్ గుమ్మం వైపు చూశాడు. దియోలిందా చూపు తిప్పుకోలేదు.

"ఉంటానండి," అన్నాడు మళ్ళీ.

పద్దెనిమిదేళ్ళవాడు ఆడిన మాట. నిలబెట్టుకుంటాడని ఆ వంటింట్లో ఉన్న ముగ్గురిలో ఎవరూ అనుకోలేదు, వాడితో సహా.

1971 వేసవి వచ్చి వెళ్ళింది. సెరఫీంకు మిగిలిన ఒక్క వేసవి. ఆ ఏడు ఎర్మీనియా ప్రతి పోటీకీ వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఆ పదహారు ఆవర్తాలూ మైదానం గేటు వైపే చూసింది. మూడేళ్ళకు మిల్లు మూతపడింది, దాని వెనకే దళమూ మూతపడింది. బ్యూగిళ్ళను చర్చి నేలమాళిగలో పెట్టెలకెత్తారు. దియోలిందా పెళ్ళి చేసుకుంది, మొగుడు చేపల పడవ వాడు, కాపురం ఆ ఇంట్లోనే; పిల్లలు లేరు; బడిలో పిల్లలకు వంట చేసే కొలువు ముప్ఫై ఏళ్ళు చేసింది. నోర్మన్ సిటీ బస్సుల మెకానిక్ అయ్యాడు, నది ఇవతలికి ఇల్లు మారాడు. దియోలిందా బజార్లో ఎదురుపడితే టోపీ తీసేవాడు. ఆమె తల ఊపేది, అంతే.

1993లో తలలు నెరిసినవాళ్ళు దళాన్ని మళ్ళీ లేపారు. పెట్టెల్లోంచి పాత బ్యూగిళ్ళు తీశారు. సగం మందికి పొట్టల మీద కోటు గుండీలు అందలేదు. ఈసారి ఆడవాళ్ళూ బ్యూగిళ్ళు పట్టారు, దియోలిందా మాత్రం జెండాయే కావాలంది. 'తీరం' మళ్ళీ మొదలైంది. పదహారు ఆవర్తాలు మళ్ళీ ఖాళీ. నోర్మన్ వచ్చి ఆ జాగా పక్కన నిలబడ్డాడు. ఎవరూ వద్దనలేదు.

అక్కడి నుంచి మా దళం పేరు ఎక్కడెక్కడికో పాకింది. గొప్ప సోలోలు ఊదినవాళ్ళు వేరే దళాల్లో బోలెడు మంది ఉన్నారు. ఆకాశాన్ని చీల్చేవాళ్ళు, రాళ్ళను కరిగించేవాళ్ళు. వాళ్ళే మా వాళ్ళ దగ్గరికొచ్చి, "మీ సోలో ఒకటుంటుందటగా, ఊదనిది, అది వినాలని వచ్చాం" అనేవారు. పెన్సిల్వేనియాలో ఒకసారి పదివేల మంది ఆ పదహారు ఆవర్తాలూ టోపీలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. కనెక్టికట్‌లో ఒక ముసలి జడ్జి తన కాగితం మీద ఆ చోట మార్కు రాయకుండా గీత కొట్టేసి, పక్కన తన పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. ఏ బహుమతీ రాలేదు. ఎవరూ అడగలేదు కూడా.

1998లో ఎర్మీనియా పోయింది. పోయే రెండేళ్ళ ముందు సైన్యం వాళ్ళు వచ్చి, ఎప్పుడైనా ఎముకలు దొరికితే పోల్చుకోడానికని ఆవిడ రక్తం తీసుకెళ్ళారు. ఆవిడ చెయ్యి చాపి, "ఇది చాలా? ఇంకా కావాలా?" అని అడిగింది. ఆఖరి రోజుల్లో కూతురితో, "వాడొచ్చేదాకా నువ్వూ ఎవరికీ ఇవ్వకు. ఆ ఫ్రెంచబ్బాయికి నేను మాటిచ్చానని మాత్రం వాడితో చెప్పు," అంది. దియోలిందా సరేనంది. అప్పటికి ఆమెకు లోపల నమ్మకం చచ్చిపోయి చాలా కాలమైంది. కానీ అమ్మకిచ్చిన మాటలో నమ్మకంతో పనేముంది? ఉంచమంది, ఉంచింది.

2019 ఫిబ్రవరిలో ఒక సైన్యం ఆవిడ ఫోను చేసి, తరవాత మనిషే వచ్చింది. కొండవాలులో పదేళ్ళుగా తవ్వుతున్నారట. దొరికినవాటిని ఎర్మీనియా రక్తంతో పోల్చారు. సెరఫీమే.

ఆవిడ చెప్పాల్సినవన్నీ నెమ్మదిగా చెప్పింది. దియోలిందా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"పళ్ళు దొరికాయా? ముందు పళ్ళు?"

ఆవిడకు అర్థం కాలేదు. కాగితాలు తిరగేసింది. "దొరికాయండీ. పై వరుసలో నాలుగు."

"చాలు," అంది దియోలిందా. బ్యూగిల్ ఆనేది అక్కడే. ఆవిడ వెళ్ళిపోయాక అల్మారా తలుపు తీసి కోట్ల మధ్యకు మొహం పెట్టి ఏడ్చింది. యాభై ఏళ్ళ ఏడుపు, ఒక్కసారే.

ఆ శనివారం దళం హాల్లో అందరూ చేరారు. వాడొస్తున్నాడు, మరి సోలో సంగతేమిటి? అదీ ప్రశ్న. ఇచ్చేవాడు లేకుండా ఇవ్వడం ఆచారం కాదు. ఇవ్వకపోతే వాడితో పాటే భూమిలోకి వెళ్ళిపోతుంది. డెబ్భై నాలుగేళ్ళ ఉర్బానో కామరా కర్ర పొడుచుకుంటూ లేచాడు.

"వాడికిచ్చింది నేను. పుచ్చుకున్నవాడు పోతే సొమ్ము ఇచ్చినవాడికే తిరిగి రావాలి. అది నాది. ఎవరికివ్వాలో నేను చెబుతా."

"అలాగే తీసుకో ఉర్బానో అన్నా," అంది దియోలిందా. "మొదటి ఎనిమిదీ ఊది చూపించు. పళ్ళు తెచ్చుకున్నావా, గ్లాసులోనే వదిలొచ్చావా?"

హాలంతా నవ్వింది. ఉర్బానో కూడా నవ్వాడు, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకుని. కూర్చున్నాక కళ్ళు తుడుచుకున్నాడు. "మనుషుల ముందు ఊదగలవా అన్నాన్రా వాణ్ణి," అన్నాడు, పక్కవాడితో.

నోర్మన్ ఆఖరి వరుసలో ఉన్నాడు. అరవై ఏడేళ్ళు. కిందటేడు ఆపరేషన్ అయిన గుండె. డాక్టరు ఊదడం తగ్గించమన్నాడు, వచ్చే ఏడు ఆ కాస్త ఊదడమూ ఉండదని అందరికీ తెలుసు. దియోలిందా లేచి, కుర్చీల మధ్య నుంచి నడిచి వాడి ముందుకు వెళ్ళింది. నలభై తొమ్మిదేళ్ళ తరవాత వాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"మా అమ్మ నీకేం చెప్పింది?"

"వాడొచ్చి ఇస్తాడంది."

"వస్తున్నాడు."

నోర్మన్ ఆమె మొహంలోకి చూశాడు.

"వాడి ఎనిమిదీ వాడివి," అంది. "ఊదినా ఊదకపోయినా. మిగతా ఎనిమిదీ నువ్వు పుచ్చుకో. వాణ్ణి తెచ్చే బండి కార్ల జాగాలో ఆపిస్తాను. అందరి ఎదుటా."

"నువ్వు జెండా కర్రతో పొడుస్తావని భయపడ్డా ఇన్నాళ్ళూ," అన్నాడు నోర్మన్. వాడికి ఆ మాట ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే.

మార్చి నుంచి సాధన చేస్తున్నారు. అనుకున్నంత సులువు కాలేదు. నోర్మన్‌కి సోలో మొత్తం వచ్చు గానీ సగంలోంచి మొదలుపెట్టడం రాలేదు. లేని స్వరం తొమ్మిదో ఆవర్తంలోనే, అంటే వాడు పుచ్చుకునే మొదటి ఊపిరిలోనే ఉంది. కింద ఎక్కే మెట్టు లేకుండా నేరుగా దాని మీదికి ఎక్కాలి. ముందు రెండు వారాలు తొందరపడి ఏడో ఆవర్తంలోనే ఊదేశాడు. దియోలిందా అరిచింది:

"అది వాడిది! వాణ్ణి పూర్తి చెయ్యనివ్వు."

"వినబడటంలేదు దియోలిందా, ఎక్కడున్నాడో ఎట్టా తెలిసేది?"

అప్పుడామె జెండా కింద పెట్టి వాడి పక్కన నిలబడింది. డ్రమ్ముల వాళ్ళు అంచులు తడుతున్నారు. ఆమె గొంతు తగ్గించి, గోడలోంచి విన్నట్టే, మొదటి ఎనిమిది ఆవర్తాలూ ముక్కుతో కూనిరాగం తీసింది. గొప్ప గొంతేం కాదు. కానీ అన్న ఎక్కడ ఊపిరి పీల్చేవాడో, ఎక్కడ స్వరం నిలిపేవాడో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. ఎనిమిదో ఆవర్తం చివర వాడు ఒక క్షణం ఎక్కువ నిలిపేవాడని అప్పుడు బయటపడింది. నోర్మన్ ఊదింది ఎప్పుడూ తొందరే. ఈసారి ఆగాడు. కింద నుంచి మెల్లగా లాగాడు. కొర్దేరో మాస్టారు బతికుంటే తిట్టడానికి ఏదో ఒకటి దొరికి ఉండేది, ఉన్నవాళ్ళెవరికీ దొరకలేదు.

వాడొచ్చే రోజున మాత్రం ఆమె కూనిరాగం తియ్యదు. పెదవులు కదపదు. వాడి ఎనిమిదీ వాడికి వదిలి, జెండా పట్టుకుని వెనక నిలబడుతుంది. నోర్మన్ లోపల్లోపలే వింటాడు. వినగలనన్నాడు.

కోట్లు ఉతికించారు. బ్యూగిళ్ళకు మెరుగు పెట్టారు. గంట అంచుల కింద చేతివేళ్ళు తగలకుండా గుడ్డతో పట్టుకోమని దియోలిందా ప్రతివాడికీ విడిగా చెప్పింది. వంటకు పవిత్రాత్మ పండగ రోజు వండినట్టే మాంసం, రొట్టె, పుదీనా వేసి పెద్ద గుండిగల్లో పెడుతున్నారు, ఊరందరికీ. మిల్లు ఉండిన రోడ్డు మీదుగానే బండి తీసుకురమ్మని సైన్యం ఆవిడకు చెప్పారు, ఆవిడ సరేనంది. సెరఫీం రపోజో విమానం బోస్టన్‌లో దిగేది 2019 జూన్ 18, మంగళవారం ఉదయం. ఎండ వాలకముందే చర్చి పక్క జాగాకు చేరుకుంటాడు.